కౌలు కారు

మా నాన్న రాజమండ్రిలో బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. జీవితమంతా అప్పులిచ్చిన మనిషికి అప్పు చేయడమంటే చచ్చేంత చిరాకు. మా ఆయన చిరాకంతా బేరం మీద. కొత్తిమీర కట్టకి కూడా చెప్పినంత ఇచ్చి వచ్చే రకం. మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. మొన్న శనివారం ఎలక్ట్రిక్ కారు లీజుకి మాట్లాడదామని ఇద్దరూ కలిసి ఒక షోరూముకి వెళ్లారు. రెండున్నర గంటల తర్వాత కారు లేకుండా తిరిగొచ్చారు. దారి పొడుగునా మాటల్లేవని మొహాలు చూస్తేనే తెలిసింది.

నాన్న చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి వంటింటి బల్ల మీద పరిచారు. లావుపాటి నల్ల మార్కరుతో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. నాలుగు గళ్లు. మన పాత కారుకి వాళ్లిచ్చేది ఒక గడిలో, కొత్త కారు ధర ఒకదాన్లో, ముందు కట్టేది ఒకదాన్లో, నెలనెలా కట్టేది ఒకదాన్లో. మాకు మార్చుకునే పాత కారు లేదు కాబట్టి మొదటిది ఖాళీ. చివరి గడిలో 458 అని వేసి, దాని చుట్టూ మూడుసార్లు సున్నా చుట్టాడు సేల్స్ కుర్రాడు. మూడో చుట్టుకి కాగితం కాస్త చిరిగింది కూడా.

నేను పొయ్యి దగ్గర పెసరట్లు వేస్తున్నాను. విన్నది విన్నట్టే రాస్తున్నాను, కోపాలు మాత్రం కొంచెం తగ్గించాను.

నాన్న: మూడేళ్లు డబ్బు కట్టి, ఆ తర్వాత తాళాలు వాళ్ల చేతిలో పెట్టి నడుచుకుంటూ ఇంటికి రావడం. దీన్ని ఇక్కడ తెలివంటారా అల్లుడుగారూ?

ఆయన: పెట్రోలు కారైతే నేనూ మీ పక్షమేనండీ. ఎలక్ట్రిక్ కారు దారి వేరు. 2023 జనవరిలో టెస్లా ఉన్నట్టుండి ధరలు తగ్గించేసింది, కొన్ని మోడళ్లకి 20 శాతం దాకా. డిసెంబరులో కొన్నవాళ్ల కారు విలువ గరాజులో ఉండగానే పడిపోయింది. మరుసటేడు జనవరిలో హెర్ట్జ్ అద్దె కార్ల కంపెనీ, 20 వేల ఎలక్ట్రిక్ కార్లు వదిలించుకుంటానని ప్రకటించింది. అంత పెద్ద కంపెనీకే ఈ కార్ల విలువ ఎటు పోతుందో అంతుపట్టలేదు. నాకేం తెలుస్తుంది? లీజులో అయితే మూడేళ్ల తర్వాత కారు విలువ ఇంత ఉంటుందని వాళ్లే ముందు కాగితం మీద రాసిస్తారు. దాన్ని రెసిడ్యువల్ అంటారు. అసలు విలువ అంతకంటే పడితే నష్టం వాళ్లది. పడకపోతే, ఒప్పందంలో వీలుంటే, రాసిన ధరకే నేను కొనుక్కోవచ్చు.

నాన్న: అంటే కౌలు.

ఆయన: కౌలనే అనుకోండి.

నాన్న: నేల ధర పెరిగినా తరిగినా కౌలుదారుకి పట్టదు, ఒప్పుకున్నాను. పంట పోతే మాత్రం దెబ్బ అతనికే. ఇక్కడ పంటేమిటి?

ఆయన: మైళ్లు. ఏడాదికి 10 వేల మైళ్లని రాసుకుంటే అంతే తిరగాలి. పైన తిరిగిన ప్రతి మైలుకీ ఇరవై, పాతిక సెంట్లు.

నాన్న: మీరు ఆఫీసుకి వెళ్లి రావడం, ఎప్పుడైనా ఒక శనివారం హ్యూస్టన్లో మీ తమ్ముడు, పండక్కి ఆస్టిన్. 14 వేలు దాటుతుందా లేదా?

(దగ్గరికొస్తుంది. నిరుడు పదమూడున్నర వేలు. నేను పెనం మీంచి తల ఎత్తలేదు.)

ఆయన: అదనపు మైళ్లు ముందే కొనుక్కుంటే చవకండీ. అది మాట్లాడొచ్చు.

నాన్న: మాట్లాడొచ్చు, మాట్లాడొచ్చు. అక్కడ కూర్చున్న రెండున్నర గంటల్లో మీరు ఏం మాట్లాడారు? "నెలకి ఎంతైతే మీకు హాయిగా ఉంటుంది?" అని వాడు అడిగాడు. "450 లోపు" అన్నారు మీరు. అక్కడితో అయిపోయింది బేరం. రైతొచ్చి "నెలకి ఇంత కట్టగలనండీ" అని ముందే చెప్పేస్తే, ఆ కిస్తీకి సరిపడా గడువూ వడ్డీ సర్దడం మాకు చిటికెలో పని. ఇక్కడ వాడు చేసిందీ అదే.

ఇక్కడ మా నాన్న చెప్పిందే సరైనదని నాకు అనిపించింది. నెలసరి అంకె అమ్మేవాడి సొంత పొలం. అందులో అడుగు పెట్టి గెలిచినవాణ్ని నేను చూడలేదు.

ఆయన: అసలు నేను టెస్లా అన్నాను మొదట. అక్కడ బేరమే లేదు. ఫోన్లో ధర కనిపిస్తుంది, కట్టేయడమే. ఎంత హాయి.

నాన్న: కొనేవాడితో బేరమాడడు, నిజమే. తనంతట తాను ధర ఎప్పుడు మారుస్తాడో మాత్రం చెప్పడు. ఆ జనవరి కథ ఇప్పుడే కదా చెప్పారు?

ఆయన: 2019లో మోడల్ 3 లీజు మొదలుపెట్టినప్పుడైతే, గడువు తీరాక కారు కొనుక్కోవడానికి కూడా వీల్లేదని షరతు పెట్టారు లెండి. డ్రైవరు లేని ట్యాక్సీలుగా తిప్పుకుంటామని అప్పట్లో చెప్పుకున్నారు.

నాన్న: కౌలు ముగిసిన పొలంలో బంగారం పండుతుందన్నమాట. సరే, ఆ 7,500 కథేమిటి? మీ స్నేహితులంతా దానికోసమే లీజుకి తీసుకున్నారని అమ్మాయి చెప్పింది.

ఆయన: 2022 ఆగస్టులో ఒక చట్టం వచ్చింది. కొనేవాళ్లకి 7,500 డాలర్ల పన్ను రాయితీ ఇచ్చారు గానీ దానికి సవాలక్ష షరతులు. కారు ఉత్తర అమెరికాలోనే తయారవ్వాలి, ధర ఇంత మించకూడదు, మన ఆదాయం ఇంత మించకూడదు. లీజుకి ఆ షరతులేవీ లేవు. ఎందుకంటే చట్టం లెక్కలో కారు కొన్నది ఫైనాన్స్ కంపెనీ, వ్యాపారానికి. రాయితీ వాళ్లకొస్తుంది, వాళ్లు మనకి ధరలో తగ్గిస్తారు. కొరియా నుంచి ఓడెక్కి వచ్చిన కార్లకి కూడా లీజులో ఆ లాభం దక్కింది. అందుకే అంతా అటు ఎగబడ్డారు.

నాన్న: దొడ్డిదారి.

ఆయన: చట్టంలోనే ఉన్న దొడ్డిదారి. 2025 సెప్టెంబరు 30తో మూసేశారు.

నాన్న: మరి ఇంకా ఎందుకు లీజు?

ఆయన: ప్రభుత్వం మానేసిన సొమ్ము కొంతవరకు కంపెనీలే ఇస్తున్నాయి, కార్లు కదలాలి కదా. హ్యుందాయ్ 2026 మోడల్ అయానిక్ 5 ధరలే తగ్గించింది, కొన్నింటికి 9,800 డాలర్ల దాకా. మిగతావాళ్లు లీజు క్యాష్ అని ఇస్తున్నారు. ఈ కాగితం మీద కూడా 5,000 ఉంది చూడండి.

నాన్న కళ్లజోడు మార్చుకున్నారు. దగ్గరి చూపు కళ్లజోడు పెట్టుకున్నారంటే ఇంట్లో ఎవరూ ఆయనతో ఆటలాడరు. నా చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూసేది ఆ కళ్లజోడుతోనే.

నాన్న: సరే, చెప్పండి. స్టిక్కరు ధర?

ఆయన: 45 వేలు.

నాన్న: మీరెంత తగ్గించారు?

ఆయన: 5,000 తగ్గింది కదండీ.

నాన్న: అది కంపెనీ అందరికీ ఇచ్చేది. డీలరు తన జేబులోంచి ఎంత తగ్గించాడు?

ఆయన: (కొంచెం ఆగి) లేదండీ.

నాన్న: లీజుకి తీసుకునేవాడు కారు ధర అడగకూడదని మీకెవరు చెప్పారు? అమ్మకానికైతే అడిగేవారు కదా. తర్వాత?

ఆయన: ఫైనాన్స్ కంపెనీ తీసుకునే రుసుము 700. అది దాదాపు అన్ని లీజుల్లోనూ ఉంటుంది. మనం ముందు కట్టేది 3,500, దానికి తోడు మొదటి నెల. మూడేళ్ల తర్వాత విలువ 56 శాతం, అంటే 25,200.

నాన్న పెన్సిలుతో కవరు వెనకాల వేశారు. 45,000కి 700 కలిపి, 5,000 తీసి, 3,500 తీస్తే 37,200. అందులోంచి 25,200 పోతే 12,000. అది మూడేళ్ల తరుగు. 36తో భాగిస్తే నెలకి 333.

నాన్న: మరి 458 ఎలా అయింది?

ఆయన: వడ్డీ. ఇక్కడ దాన్ని మనీ ఫ్యాక్టర్ అంటారు. 0.0020.

నాన్న: ఇదేం రేటండీ! ఇదేమైనా మందుల డోసా?

ఆయన: 2400తో గుణిస్తే ఏడాది వడ్డీ శాతం వస్తుంది. 4.8.

నాన్న: 2400 ఎందుకు?

ఆయన: ఏమో. అందరూ అలాగే చేస్తారు.

పెన్సిలు కాసేపు గాల్లోనే ఉంది. తర్వాత నాన్న మొహంలో, రికన్సిలియేషన్లో తేడా పైసా దొరికినప్పటి వెలుగు కనిపించింది.

నాన్న: బాకీ 37,200 దగ్గర మొదలై 25,200 దగ్గర ఆగుతోంది. సగటు బాకీ కావాలంటే రెండూ కలిపి రెండుతో భాగించాలి. ఏడాది వడ్డీని నెలకి తేవాలంటే పన్నెండుతో. రెండు పన్నెండ్లు ఇరవై నాలుగు. శాతం కాబట్టి ఇంకో వంద. అదీ మీ 2400. రెండూ కలిపితే 62,400, 0.0020తో గుణిస్తే 124 డాలర్ల 80 సెంట్లు. 333కి 125 కలిపితే 458. లెక్క సరిగ్గానే వేశాడు. పేరు మాత్రం వడ్డీ అనిపించకుండా పెట్టుకున్నారు.

ఆయన: లీజుల గురించి 1976 నాటి చట్టం ఉందిక్కడ. కారు ధర ఎంత వేశారో, చివరి విలువ ఎంతో, మూడేళ్లలో అద్దె పేరుతో ఎంత తీసుకుంటున్నారో ఒప్పందంలో చూపించాలి. వడ్డీ రేటు మాత్రం రాయక్కర్లేదు.

నాన్న: అద్దె మొత్తం రాశాడంటే రేటు మనమే తీసుకోవచ్చు. ఈ 0.0020 ఫైనాన్స్ కంపెనీ రేటా, డీలరు రేటా?

ఆయన: అదే నాకూ అనుమానం. కంపెనీ ఇచ్చే మూల రేటు మీద డీలరు కొంచెం వేసుకోవచ్చు. నిన్న ఇంకో డీలరుకి మెయిల్లో అడిగితే ఇదే కారుకి 0.0016 అన్నాడు.

నాన్న: చూశారా! నెలకి పాతిక డాలర్లు. మూడేళ్లకి 900. ఆ అంకెల్లో మూడో సున్నా పక్కన ఎవరు చూస్తారు?

ఈ చోట నేను కూడా పెనం దింపి బల్ల దగ్గరికి వచ్చాను. మా ఆయన ల్యాప్‌టాప్ తెరిచారు. ఇద్దరూ ఒకే వైపు కూర్చోవడం ఆ రోజుకి అదే మొదలు.

నాన్న: ఈ 3,500 ముందు కట్టడం కూడా నాకు అర్థం కాలేదు. కట్టినంతసేపూ కారు మనది కాదు. రేపు ఎవడో వచ్చి గుద్దేస్తే?

ఆయన: కారు మొత్తం పోతే ఇన్సూరెన్సు డబ్బు ఫైనాన్స్ కంపెనీకి వెళ్తుంది. చాలా లీజుల్లో, తక్కువ పడితే ఆ తేడా కూడా మాఫీ. కానీ మనం ముందు కట్టింది వెనక్కి రాదు.

నాన్న: రెండో నెల్లోనే పోయినా?

ఆయన: పోయినా అంతే.

నాన్న: అయితే ఒక్క డాలరు కూడా ముందు కట్టకండి. ఇది ఇల్లు కాదు, ముందు కడితే అసలు తగ్గి మనకి ఆస్తి మిగలడానికి. పైగా మీ ఊళ్లో మార్చి వస్తే నిమ్మకాయలంత వడగళ్లు పడతాయని మీరే చెప్పారు. ఇప్పుడు వేయండి లెక్క. ముందు కట్టేది సున్నా. డీలరు 3,000 తగ్గించాలి. రేటు 0.0016.

ఆయన టకటకా కొట్టారు. 45,000లోంచి 3,000, 5,000 తీసి 700 కలిపితే 37,700. తరుగు నెలకి 347. వడ్డీ 101. మొత్తం 448.

ఎవరూ కాసేపు మాట్లాడలేదు. చేతిలోంచి 3,500 పెట్టి 458 కట్టే చోట, ఏమీ పెట్టకుండా 448. నెలకి పది డాలర్లేగా తేడా అనిపిస్తుంది. ముందు కట్టే 3,500 కూడా కలిపితే మూడేళ్లకి అది 3,860 డాలర్లు. కాగితం మీద మూడు సున్నాలు ఎందుకు చుట్టాడో నాకు అప్పుడు తెలిసింది.

ఆయన: 56 శాతం మాత్రం మార్చరండీ. అది ఫైనాన్స్ కంపెనీ ముందే వేసుకున్న అంకె. ఏ కారుకి ఎక్కువ రాశారో వెతుక్కోవడమే మన పని. వాళ్లు ఎక్కువ ఆశపడి రాసిన చోట లాభం మనది.

నాన్న: మీరు చెప్పేది వింటే నాకు గుండె దడ వస్తోంది. తనఖా ఆస్తికి ఎక్కువ విలువ కట్టిన మేనేజరుని మేము సస్పెండ్ చేసేవాళ్లం.

ఆయన: ఇక్కడ బోనస్ ఇస్తారు.

నాన్న: సరే. పన్ను ఎక్కడుంది ఇందులో?

ఆయన మాట తడబడింది. నాకు తెలుసు, ఈ ప్రశ్న రాకుండా ఉంటే బాగుండునని ఆయన అనుకుంటున్నారని.

ఆయన: అది వేరేగా ఉంటుందండీ. టెక్సస్‌లో 6.25 శాతం.

నాన్న: నెల అద్దె మీదా?

ఆయన: కాదు. కారు మొత్తం ధర మీద. చాలా రాష్ట్రాల్లో నెల కిస్తీ మీదే వేస్తారు. ఇక్కడ ఫైనాన్స్ కంపెనీ కారు కొన్నట్టు లెక్క కాబట్టి ధరంతటి మీదా పన్ను కడుతుంది, అది మన మీద వేస్తుంది.

నాన్న: 42 వేల మీద 2,625. వాడేది తరుగు పోయిన పన్నెండు వేల ముక్క, పన్ను మాత్రం కారు మొత్తానికి! మళ్లీ మూడేళ్లకి ఇంకో కారు తీసుకుంటే మళ్లీ మొత్తానికి! అల్లుడుగారూ, కొనుక్కున్నవాడు పదేళ్లకి ఒక్కసారే కదా కడతాడు?

ఆయన: కొన్ని కంపెనీల దగ్గర పన్ను తగ్గింపు నిల్వలుంటాయి, అడిగితే వాటిలోంచి కొంత సర్దుతారు. ఒక్కోసారి మొత్తం.

నాన్న: అడిగారా?

ఆయన: అడుగుతాను.

నాన్న: ఇంకేమున్నాయి ఇలాంటివి?

ఆయన: ఎలక్ట్రిక్ కారుకి రాష్ట్రం ప్రత్యేకంగా వేసే రుసుము. 2023 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మొదట 400, తర్వాత ఏటా 200. పెట్రోలు పన్ను కట్టట్లేదు కాబట్టి. అది కొన్నా తప్పదు. చివర్లో కారు వెనక్కి ఇచ్చేటప్పుడు 350, 400 తీసుకుంటారు. గీతలు పడితే అవి వేరే.

నాన్న: నా మాట వినండి. 2023లో ఆ దొడ్డిదారిన మీ స్నేహితులు తీసుకున్న కార్లన్నీ ఈ ఏడాది వెనక్కి వస్తున్నాయి కదా, మూడేళ్లు నిండి? ఆ కార్లలో ఒకటి కొనండి. మొదటి మూడేళ్ల తరుగు వాళ్లు తినేశారు. బ్యాటరీ గ్యారంటీ ఎన్నేళ్లు?

ఆయన: ఎనిమిదేళ్లు, లక్ష మైళ్లు. ఇంకా అయిదేళ్లుంటుంది.

నాన్న: మరింకేం?

ఆయన: పాత కారు అప్పుకి వడ్డీ ఎక్కువ. చార్జింగు సాకెట్టు పాత రకం, టెస్లా చార్జర్ల దగ్గర అడాప్టరు పెట్టుకోవాలి. ఒక్కో ఏడాది మోడలుకీ ఎంతో తేడా వస్తోంది. అయిదేళ్ల తర్వాత ఆ కారు ఎవరు కొంటారు?

నాన్న: మీరు. పదేళ్లు నడపండి. ఎవరూ కొనక్కర్లేదు.

(మా నాన్న స్కూటరు పందొమ్మిదేళ్లు నడిచింది. తర్వాత కూడా అమ్మలేదు, పాలవాడికి ఇచ్చేశారు.)

నాన్న: ఇంకొక్క మాట. ఇది లెక్క కాదు. హెచ్-1బి మీద ఉన్నారు. ఉద్యోగం పోతే ఎన్నాళ్లు?

ఆయన: 60 రోజులు. ఆ లోపు ఇంకో ఉద్యోగం దొరక్కపోతే సర్దుకోవాలి.

నాన్న: సొంత కారైతే ఒక్క పూటలో అమ్మేసి విమానం ఎక్కొచ్చు. లీజు కారు ఏం చేస్తారు?

ఆయన వెంటనే జవాబివ్వలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లో కార్ల గురించి కాకుండా కూడా తిరుగుతూనే ఉంటుంది.

ఆయన: మధ్యలో ఇచ్చేస్తే మిగిలిన కిస్తీల్లో చాలా భాగం కట్టమంటారు. కొన్ని కంపెనీలు ఇంకొకరి పేరు మీదికి మార్చుకోనిస్తాయి, కొన్ని ఒప్పుకోవు. మార్చుకోనిచ్చే కంపెనీయే చూస్తాను. అప్పు చేసి కొంటే మాత్రం? కారు విలువ కంటే అప్పు ఎక్కువుంటే, అమ్మేటప్పుడు ఆ తేడా నా చేతి నుంచే కదా. మీరు కొనమన్నా, నేను లీజన్నా, ఆ 60 రోజుల భయం పోదు మావయ్యగారూ.

నాన్న: (కళ్లజోడు తీసి) అది నిజమే.

ఎదురు మాట లేకుండా మా నాన్న ఒప్పుకున్నది ఆ ఒక్కచోటే. తర్వాత ఇద్దరూ కలిసి మెయిలు రాశారు. డాలస్ చుట్టుపక్కల, ప్లానో నుంచి ఫోర్ట్ వర్త్ దాకా ఆరుగురు డీలర్లకి. నెల కిస్తీ ఎంతో అందులో అడగలేదు. కారు ధర, మనీ ఫ్యాక్టర్, రెసిడ్యువల్, పన్ను నిల్వ ఉందా లేదా, లీజు ఇంకొకరికి మార్చుకోవచ్చా, 14 వేల మైళ్లకి ఎంత. ముందు కట్టేది సున్నా. నెలాఖరుకి నాలుగు రోజులుంది. నెల లెక్క పూర్తి చేసుకోవాలని డీలర్లు ఆత్రపడే రోజులని మా ఆయన అన్నారు, మార్చి నెలాఖరు బ్యాంకుల్లో కూడా అంతేనని నాన్న అన్నారు.

సాయంత్రానికి మూడు జవాబులు. ఒకడు "ఎప్పుడు వస్తారు?" అని మాత్రం రాశాడు. ఇంకొకడు మళ్లీ నెలకి ఎంతైతే హాయిగా ఉంటుందని అడిగాడు. మూడోవాడు నలభై మైళ్ల అవతల నుంచి అడిగినవన్నీ వరసగా రాశాడు. ధరలో 2,400 తగ్గింపు, 0.0016, 56 శాతం, ముందు ఏమీ అక్కర్లేదు, నెలకి 465. ఇది 10 వేల మైళ్లకి, పన్ను సగం సర్దుతాడట, మైళ్ల మాట ఫోన్లో చెప్తాడట.

"మరో 600 దిగుతాడు," అన్నారు నాన్న. "చాలు కదండీ," అన్నారు ఆయన. నాన్న నా ఫోన్లో అప్పటికే 2023 మోడలు పాత కార్లు వెతుకుతున్నారు.

ఇంతలో పొద్దుటి షోరూము నుంచి ఫోను. మా ఆయన స్పీకరులో పెట్టారు. 440 అయితే ఇవాళే సంతకం పెడతారా అని ఆ కుర్రాడు. మా ఆయన నాన్న వైపు చూశారు. నాన్న కవరు వెనకాల ఒక మాట రాసి ముందుకి తోశారు.

"ముందు కట్టేది ఎంత?" అన్నారు మా ఆయన.

"మేనేజరుని అడిగి చెప్తాను, లైన్లో ఉండండి," అన్నాడు కుర్రాడు. పాట మొదలైంది. నాన్న పెసరట్టు తుంచి అల్లం పచ్చడిలో ముంచుకున్నారు. రెండో అట్టు కూడా అయిపోయింది, పాట ఇంకా వస్తూనే ఉంది.